ఆముదాల డెలివరీ

మా ఆయన ఇంట్లో ఉన్న ఆముదాలు అమ్మి, ఎక్కడా లేని ఆముదాలు కొన్నాడు. ఈ ముక్క ఎవరికి చెప్పినా ముందు నవ్వుతారు, తర్వాత నా మొహం చూసి నవ్వు ఆపుకుంటారు. అబద్ధమైతే నా నోట్లో మన్ను పడ! కోడేరు దగ్గర మాకున్న మెట్ట చెలకలో వానాకాలం వేసిన పంట అది. నేనూ మా అత్తా గెలలు కోసి, ఎండబెట్టి, కట్టెలతో కొట్టి, చెరిగి బస్తాలకెత్తాం. ఆయన ఆ బస్తాలు నాగర్‌కర్నూల్ తీసుకుపోయి, వచ్చిన ధరకు అమ్మేసి, ఆ డబ్బుతోనే ఫోనులో ఆముదాలు కొనుక్కుని వచ్చాడు.

"ఆ కొన్న ఆముదాలు ఏడున్నయయ్యా?" అని అడిగాను.

"గుజరాత్ల, గోదాముల ఉంటయే."

"నువ్వు జూసినవా?"

"నీకు చెప్పినా సమజ్ కాదు తియ్" అన్నాడు. ఆయనకు తెలియనివన్నీ నాకు సమజ్ కానివే.

ఈ పిచ్చి ఎక్కడ అంటుకుందో నాకు బాగా తెలుసు. నాగర్‌కర్నూల్‌లో ఒక ఫంక్షన్ హాల్లో రైతులకు అవగాహన సదస్సు అంటే ఆయన పోయాడు. కుర్చీలు నిండలేదని మా మహిళా సంఘం వాళ్ళనూ పిలిచారు. భోజనం ఉందన్నారు, మేమూ కాదనలేదు. టై కట్టుకున్న ఒక సారు మైకు పట్టుకుని, "పంట చేతికి రాకముందే దాని ధర ఖాయం చేసుకోవచ్చు, దీన్ని ఫ్యూచర్స్ అంటారు" అని మొదలుపెట్టాడు. నా పక్కన కొల్లాపూర్ ఆమె కూర్చుంది. ఊరుకునే రకం కాదు.

"గిదేం కొత్త సారూ? మా దిక్కు మామిడి తోటలు పూత మీదనే గుత్తకిస్తం. కాయ నిలిచినా రాలినా గుత్తోని నసీబు" అంది.

సారు మొహం వెలిగిపోయింది. "కరెక్టుగా చెప్పావమ్మా! ఇదీ అదే. కాకపోతే ఇక్కడ నీకు తోట కూడా ఉండక్కర్లేదు."

ఆమె నా చెవి దగ్గరికి వంగి, "ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగమంట" అంది. నేను కొంగు నోట్లో కుక్కుకుని నవ్వాను.

అయినా సారు చెప్పింది పూర్తిగా పనికిమాలిన మాటేమీ కాదు. నాకు అర్థమైనంత చెబుతాను. పంట ఉన్నవాడు, కోతల నాటికి ధర పడుతుందని భయం ఉంటే, ఆ నెలకు ఇంత ధరకని ముందే ఫోనులో అమ్మి పెట్టుకోవాలి. తర్వాత మార్కెట్ యార్డులో ధర పడితే అక్కడ పోయింది ఫోనులో వస్తుంది. పెరిగితే ఫోనులో పోయింది యార్డులో వస్తుంది. ఎటు పోయినా మనిషికి నిద్ర పడుతుంది. అవతలి వైపు నూనె మిల్లు వాడు ఉంటాడు, వాడికి ధర పెరుగుతుందని భయం, వాడు ముందే కొంటాడు. వీళ్ళిద్దరూ కాక మూడోవాడు ఒకడుంటాడు. వాడికి చెలకా లేదు, మిల్లూ లేదు, పెరుగుతుందనో పడుతుందనో పందెం కాస్తాడు. వాడు కూడా లేకపోతే బేరాలు నడవవట. సరే, ఊరన్నాక అందరూ ఉండాలి.

కొనడానికి మొత్తం ధర కట్టక్కర్లేదు. మన దగ్గర ఎద్దుకో ప్లాటుకో బయానా ఇచ్చినట్టు కొంత కడితే చాలు, దాన్ని మార్జిన్ అంటారు. రోజూ సాయంత్రం లెక్క చూస్తారు. ధర మనవైపు పోతే మన ఖాతాలో వేస్తారు, ఎదురు తిరిగితే మన బయానాలోంచి తీస్తారు. బయానా కరిగిపోతే ఇంకా తెమ్మంటారు. తేలేదా, మన బేరం వాళ్ళే తెంపేస్తారు. దాన్నే కట్ చేయడం అంటారు. ఇక ప్రతి బేరానికీ ఒక ఆఖరు తేదీ ఉంటుంది. ఆ తేదీ దాటి పట్టుకుని కూర్చుంటే నిజంగానే సరుకు తీసుకోవాలి. దాన్ని డెలివరీ అంటారు. మనలాంటి వాళ్ళను అంతదాకా రానివ్వరు. ముందే ఫోను చేసి, కట్ చేసుకుంటావా, వచ్చే నెలకు జరుపుకుంటావా అని అడుగుతారు.

పంట ఉన్నవాడు ఫోనులో అమ్మాలి అని సారు నొక్కి చెప్పాడు. ఆ సమయానికి మా ఆయన భోజనాల వరుసలో ముందుండటానికి లేచిపోయి ఉంటాడు. లేకపోతే ఇంటికొచ్చి సరిగ్గా తిరగేసి ఎందుకు చేస్తాడు?

అడిగితే ఆయన లెక్క ఆయనకుంది. "ఏటేటా నేను అమ్మంగనే ధర పెరుగుతది. పెరుగుతదా లేదా చెప్పు?"

"పెరుగుతది."

"మరి గా పెరిగేది ఎవడో తింటుండు గద. ఈసారి నేనే తింట."

నిజం చెప్పొద్దూ, ఆ మాట అబద్ధం కాదు. ఏళ్ళ తరబడి మేం బస్తాలు దించి ఇంటికి చేరేలోపే ధర లేవడం నేనూ చూశాను. మా ఆముదాలు మా ఇల్లు దాటడం కోసమే ధర ఎక్కడో కాచుకుని ఉంటుందేమో అనిపించేది. కడుపు మండిన మనిషి ఏదో ఒకటి చేస్తాడు. ఈయన ఫోను కొన్నాడు.

ఇక చూడండి సంబరం! తెల్లారి లేస్తే ఎర్ర కొవ్వొత్తులు, పచ్చ కొవ్వొత్తులు. ఫోనులో ధర ఎక్కేదీ దిగేదీ అలా గీస్తారట. ఆయన ఒక పూట నవ్వేవాడు, ఒక పూట అన్నం ముందు కూర్చుని మెతుకులు లెక్కపెట్టేవాడు. మా బోరులో నీళ్ళు తగ్గిన సంగతి ఆయనకు పట్టలేదు గానీ, గుజరాత్‌లో మబ్బు పట్టిందో లేదో తెలియకపోతే పరేషాన్ అయిపోయేవాడు. "ఈ దినం మార్కెట్ మూడ్ బాలేదే" అనేవాడు. ముప్పై ఏళ్ళుగా ఆయన పక్కనే బతుకుతున్నాను, ఒక్కనాడూ నా మూడ్ ఎట్లుందని అడిగిన పాపాన పోలేదు.

ఊళ్ళో మాత్రం పేరొచ్చింది. చాయ్ హోటల్ దగ్గర నలుగురు చేరి, "అన్నా, పల్లికి ఎట్లుంటదే? పత్తి ఏమైతదే?" అని అడిగేవారు. ఈయన గడ్డం గోక్కుంటూ, "సపోర్ట్ దగ్గర నిలబడ్డది, జూడాలె" అనేవాడు. ధర ఇక దిగదనుకునే గీతను సపోర్ట్ అంటారట. ఏ చెట్టూ లేని చోట ఆముదం చెట్టే మహావృక్షమని ఊరికే అన్నారా పెద్దలు!

హైదరాబాద్ నుంచి ఈ ఫోను బేరాలు నడిపే కంపెనీ పిల్ల ఒకతె తరచుగా ఫోను చేసేది. "ధర పడుతోంది సార్, ఉంచుతారా, కట్ చేయమంటారా?" అని అడగడం ఆమె ఉద్యోగం. ఆ మాటలు రికార్డు అవుతాయట. అందుకని ఈయన గొంతు సవరించుకుని, దర్జాగా, "కట్ చేయకుండ్రి మేడం. రిస్క్ నాదే" అనేవాడు. ఆ రెండు మాటలు అన్నాక మీసం ఒకసారి దువ్వేవాడు. ఊరి సర్పంచికి కూడా అంత దర్జా లేదు.

ఇదంతా ఇలా ఉండగా మా బిడ్డ తొలి కాన్పుకు గద్వాల నుంచి మా ఇంటికి వచ్చింది. అల్లుడు అక్కడే చీరల కొట్టులో పని చేస్తాడు. బిడ్డ వచ్చిందని ఇంట్లో సందడి మొదలైంది. మా అత్త అయితే మనవరాలి చుట్టూ ఈగను కూడా వాలనిచ్చేది కాదు. ఆవిడకు ఒక్కటే భయం, ఈ కాలం దవాఖానల్లో అందరినీ కోస్తున్నారని. "నలుగురిని కన్న, ఒక్క గాటు పడలే" అని రోజూ ఒకసారి చెప్పకపోతే ఆవిడకు పొద్దు పోదు.

ఒకరోజు మా ఆయన ఫోను చార్జింగ్‌కు పెట్టి చెలకకు పోయాడు. నేను బట్టలు ఉతుకుతున్నాను. ఫోను మోగితే మా అత్త ఎత్తింది. ఆవిడకు ఎత్తడం వచ్చు గానీ పెట్టేయడం రాదు. అవతల కంపెనీ పిల్ల. ఆ గొంతు వాకిలి దాకా వినిపించింది.

"సార్ లేరా అమ్మా? డెలివరీ దగ్గర పడిందని చెప్పండి. ఇక ఆగడానికి లేదు. ఏదో ఒకటి చెప్పకపోతే మేమే కట్ చేసేస్తాం."

"కోస్తరా?" అంది మా అత్త.

"కట్ చేస్తామమ్మా. వద్దనుకుంటే వచ్చే నెలకు జరుపుకోవచ్చు."

"వచ్చే నెలకా! గదెట్ల జరుపుతరు బిడ్డా?"

"చాలామంది జరుపుకుంటారమ్మా. కాకపోతే కొంచెం ఖర్చవుతుంది."

"ఓయమ్మో, పైసలిస్తే కాన్పును గూడ జరుపుతున్రా!" అని మా అత్త ఫోనును మంచం మీద పడేసి గుండెలు బాదుకుంది. "ఓ కోడలా! పోరిని కోస్తరంటనే! మనమే ఏదన్న జేయాలె!"

ఆ పోరి అప్పుడు గడప మీద కూర్చుని తీరిగ్గా తల దువ్వుకుంటోంది. నేను సబ్బు చేతులతో లేచి వచ్చేలోపు మా అత్త పొయ్యి ముట్టించి, ఇంట్లో వండిన ఆముదం గిన్నెలో పోసి వెచ్చబెడుతోంది. సగం పొట్టకు రాస్తుందట, సగం తాగిస్తుందట, ఆ కోసేవాళ్ళు వచ్చేలోపు కాన్పు అయిపోవాలట. నేను గిన్నె లాక్కున్నాను. పక్కింటి వాళ్ళు పరుగెత్తుకొచ్చారు. ఎవరు చెప్పినా వినదు. చివరికి మా ఆయన వచ్చి, సంగతి విని, గోడకు ఆనుకుని పడీపడీ నవ్వాడు.

"అమ్మా, గది బిడ్డ డెలివరీ గాదే. ఆముదాల డెలివరీ!"

"ఆముదాలకు కాన్పేందిరా, నీ బొంద!" అంది మా అత్త.

ఆ నెల ఆయన తన బేరాన్ని వచ్చే నెలకు జరిపాడు. ఆ సంగతి ఇంట్లో పెద్ద తమాషా అయిపోయింది. మా బిడ్డ పొట్ట మీద చెయ్యి వేసుకుని, "నాయినా, నీ డెలివరీ ముందా, నా డెలివరీ ముందా?" అని ఆటపట్టించేది. "నాదే ముందు బిడ్డా. మంచి రేటు రానీ, నీ పిల్లకు వెండి మొలతాడు చేపిస్త" అనేవాడు. నేనూ నవ్వాను. ఆ నవ్వులు తలుచుకుంటే ఇప్పుడు నా ఒళ్ళు మండుతుంది.

నొప్పులు ఒక తెల్లవారుజామున మొదలయ్యాయి. ఆటోలో నాగర్‌కర్నూల్ దవాఖానకు తీసుకుపోయాం. తొందరలో నా ఫోను ఇంట్లోనే మరిచిపోయాను. మా ఆయన ఫోను మాత్రం మరిచిపోలేదు, ఆ రోజు ఆయన బేరానికి ఆఖరు రోజు. అల్లుడు గద్వాల నుంచి బస్సులో బయల్దేరాడు. మధ్యాహ్నం దాకా నొప్పులు వస్తూ పోతూనే ఉన్నాయి. మా ఆయన గంటకోసారి తలుపు దగ్గరికి వచ్చి, "లోపల సిగ్నల్ లేదే, జర బయటుంట" అని పోయేవాడు. ఎదురుగా రోడ్డవతల హోటల్లో సిగ్నల్ బాగుందట.

డాక్టరమ్మ పొట్ట మీద మిషను పెట్టి చూసింది. మళ్ళీ చూసింది. మొహంలో రంగు మారింది. "కడుపులో బిడ్డ గుండె చప్పుడు తగ్గుతోందమ్మా. ఆగితే కష్టం. వెంటనే ఆపరేషన్ చేసి తీయాలి" అంది. సరేనన్నాను. రక్తం అవసరం పడొచ్చు, మగమనిషి ఎవరున్నారని నర్సు అడిగింది. వాళ్ళ నాయిన బయటే ఉన్నాడన్నాను. ఫైలులో ఆయన నంబరుంది. నర్సు చేతులకు తొడుగులు వేసుకుంటూ, వార్డు ఫోను స్పీకరులో పెట్టి కలిపింది. పక్కనే బండి మీద మా బిడ్డ పడుకుని ఉంది, నా చెయ్యి వదలడం లేదు.

ఆయన ఒక్క రింగుకే ఎత్తాడు.

"సార్, డెలివరీ గురించి చేస్తున్న" అంది నర్సు. "ఇంక ఆగేటట్టు లేదు. ఇప్పుడే కట్ చేస్తున్నం."

"ఏ, వద్దు మేడం! కట్ చేయకుండ్రి. రెండు దినాలు ఆపుండ్రి."

నర్సు నా వైపు చూసింది. "ఆపుడేంది సార్? చానా పడిపోతున్నది ఇక్కడ!"

"పడితే పడనీ మేడం. పడ్డది మల్ల లేస్తది, నాకు తెల్వదా? రిస్క్ నాదే. రికార్డు చేసుకోండ్రి."

పెట్టేశాడు.

నర్సు, "ఏం మనిషమ్మా ఈయన! రాక్షసుడా?" అంది. ఏమైందో నాకు వెంటనే అర్థమైంది. అర్థమైనందుకే ఇంకా అసహ్యం వేసింది. అది కంపెనీ అనుకున్నాడని ఆ నర్సుకు ఎలా చెప్పను? చెప్పడానికి టైముందా? కడుపులో ఆ పసిగుండె ఆగిపోతూ ఉంటే, నేను నిలబడి ఆముదాల కథ చెప్పాలా? "అమ్మా, నేను కన్నతల్లిని. నేను చెప్తున్న, కోయండ్రి" అన్నాను. కాగితం చాపితే సంతకం పెట్టాను.

బండిని లోపలికి తోస్తుంటే మా బిడ్డ నా చెయ్యి పట్టుకునే ఉంది. ఏడవలేదు. కళ్ళు పెద్దవి చేసి నన్నే చూస్తూ, "పండుకున్నది నేను గదమ్మా. రిస్క్ నాయినదెట్లయితది?" అంది. తలుపులు మూసుకున్నాయి.

కాసేపటికి మా ఆయన బిస్కెట్ పొట్లం పట్టుకుని వచ్చాడు. మొహం మీద ఏదో గెలిచిన కళ.

"ఇందాక ఫోన్ల ఎవరితోని మాట్లాడినవ్?" అన్నాను.

"కంపెనీ పిల్లతోని. ఎందుకే? కట్ చేస్తమంటే గట్టిగ చెప్పిన, వద్దని."

"కంపెనీ పిల్ల గాదు. గిక్కడి నర్సు. నీ బిడ్డకు ఆపరేషన్ చేస్తమంటే నువ్వు వద్దన్నవ్. లోపల పసిదాని గుండె పడిపోతున్నదంటే, పడితే పడనీ అన్నవ్. బిడ్డ విన్నది. మొత్తం విన్నది."

ఆయన బిస్కెట్ పొట్లం బెంచీ మీద పెట్టేశాడు. "నేను ఆముదాలనుకున్ననే" అన్నాడు చివరికి, చిన్నపిల్లాడిలా. నేను అనగూడని మాటలన్నీ అన్నాను, వరండాలో నలుగురు చూస్తున్నారని కూడా చూడలేదు. ఆయన ఆ మూసిన తలుపు దగ్గరికి పోయి, దాని మీద చేయి ఆనించి నిలబడ్డాడు. జేబులో ఫోను మోగింది. ఆగింది. మళ్ళీ మోగింది. ఈసారి అసలు కంపెనీ పిల్లే అయి ఉంటుంది. ఆయన జేబు వైపు చూడను కూడా లేదు.

దేవుడు చల్లగా చూశాడు. లోపలి నుంచి పసిపిల్ల కేక వినిపించింది. ఆడపిల్ల. తల్లీ బాగుంది, పిల్లా బాగుంది, రక్తం కూడా అవసరం పడలేదు. ఆయన అక్కడే నేల మీద కూలబడి మొహానికి తువ్వాలు అడ్డం పెట్టుకుని ఏడ్చాడు. నాకు జాలి కలగలేదు. కలగలేదని చెప్పడానికి నాకేం సిగ్గు లేదు.

ఆయన బేరాన్ని ఆ సాయంత్రమే కంపెనీ వాళ్ళు కట్ చేసేశారు. పెట్టిన దాంట్లో చాలా భాగం పోయింది. మరుసటి వారం ఆముదాల ధర మంచిగా పెరిగిందని చాయ్ హోటల్ నుంచి కబురొచ్చింది. నిజం ఆముదాలు అమ్మినా, ఉత్తుత్తి ఆముదాల బేరం తెంపినా మా నసీబు ఒక్కటే.

సంగతి తెలిశాక నర్సులు నవ్వుకున్నారు. వార్డులో ఆయనకు ఆముదాల తాత అని పేరు పెట్టారు. అల్లుడు విని నవ్వాడు. మా అత్త, "నేను అనుకుంటే అందరు నవ్విన్రు, చదువుకున్నోడు గట్లనే అనుకున్నడు గద!" అని రెండు రోజులు గొంతెత్తి చెబుతూ తిరిగింది. మా బిడ్డ కూడా కుట్లు పట్టుకుని నవ్వింది. నాయిన గొంతును అచ్చం ఆయనలాగే పలికి చూపించింది. ఆయన తల వంచుకుని, అందరికీ చాయ్ తెచ్చిపెడుతూ, పసిదాని బట్టలు ఉతికి ఆరేస్తూ తిరిగాడు. పోనీలే, నవ్వులాటలో పడి తేలిపోయిందనుకున్నాను.

ఇంటికి పంపే రోజు ఒక కొత్త నర్సు వచ్చింది. పిల్ల టీకాలకు తేదీ వచ్చినప్పుడు ఫోను చేస్తాం, ఎవరి నంబరు రాసుకోవాలని అడిగింది. బిడ్డ బడిలో చేరిన నాటి నుంచీ ఎక్కడ ఏ నంబరు అడిగినా ఆయనదే. అలవాటు చొప్పున ముందుకొచ్చి, "తొమ్మిది" అని మొదలుపెట్టాడు.

"నాయినది వద్దు సిస్టర్" అంది మా బిడ్డ. పసిదాన్ని భుజాన వేసుకుంటూ, తల కూడా ఎత్తకుండా. కోపంగా ఏమీ అనలేదు. "అమ్మది రాసుకోండ్రి."

నర్సు పెన్ను పట్టుకుని నా వైపు తిరిగింది. నా నంబరు నాకు నోటికి రాదు. ఆయనే చెప్పాడు, ఒక్కొక్క అంకె.